రేణుక ఎక్కే సాయంత్రం బస్సు

అక్కకు సుజాత నమస్కరించి రాస్తున్నది. విజయవాడలో నేను బాగున్నాను, దిగులు పడొద్దు. నువ్వు, పెద్దమ్మ, మన రేణుక ఎట్లా ఉన్నారు? బావ నడుంనొప్పి తగ్గిందా?

మన ఎండల్లో పెరిగినదాన్ని, ఈ ఉక్కపోతకు మాత్రం అలవాటు పడలేకపోతున్నాను. హాస్టల్ పప్పులో కారమే ఉండదు. ఎవరైనా ఇటు వస్తే చెనక్కాయల పొడి పంపు. ఆదివారాలు ఒంటరిగా అనిపిస్తుంది. మిగతా రోజులు పనితోనే సరి. నిజంగా బాగానే ఉన్నాను.

"సర్కారు జీతం తింటా సర్కారు తప్పులే ఎతుకుతాండావంట గదమ్మా!" అని బావ ఫోన్‌లో నవ్వాడు. నవ్వనీ. జనం కష్టం ఏమిటో చూసి, తీర్చే దారుల్లో ఒకటి ఎంచుకుని ప్రభుత్వం పథకం పెడుతుంది. ఆ కష్టం తీరిందా లేదా అని వెళ్ళి చూసేది మా ఆఫీసు. వంట చేశామంటే చాలదు, తిన్నవాళ్ళ కడుపు నిండిందా అని అడగాలి.

అసలు సంగతికి వస్తాను. జమ్మలమడుగు హైస్కూలుకు వెళ్ళే ఆడపిల్లల కోసం వేసిన బస్సు గురించి అడగడానికి మా ఆఫీసువాళ్ళు పోయిన నెల మీ ఊరు వచ్చారు కదా. సొంతమనుషులున్న ఊరని నన్ను పంపలేదు. వాళ్ళు రాసుకొచ్చింది చదివితే ఇంటింటా ఒకటే జవాబు: "బస్సు బాగుండాది సార్, దినామూ వస్తాది." అందులో మీ ఇల్లూ ఉంది! ఆఖరి పీరియడ్ అవకముందే బస్సు వెళ్ళిపోతుందనీ, రేణుక లెక్కల క్లాసు వదిలేసి పరుగెత్తుతుందనీ, దసరా తర్వాత బడి మాన్పిస్తానని బావ అంటున్నాడనీ ఏడ్చి చెప్పింది నువ్వే కదక్కా?

నేను ఫోన్‌లో అరిస్తే ఏమన్నావు? "ఇంటికొచ్చినోళ్ళు మే! ఎండలో పడొచ్చినారు. మజ్జిగిచ్చి కూసోబెట్టి, మొకం మీదనే బాగలేదని యాడ చెప్పేది?"

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇక్కడివాళ్ళు మనల్ని మొరటోళ్ళంటారు. మాటకు మాట అప్పజెప్పే ఊరు చుట్టం ముందు ఇంత మెత్తబడుతుందని వీళ్ళకేం తెలుసు! మీ మర్యాద పుణ్యమా అని బస్సు టైమ్ మార్చనక్కర్లేదని రిపోర్టు తయారైంది.

నేను ఊరుకుంటానా? మా మేడంతో వాదనకు దిగాను. "బాగుందా అంటే మా వైపు ఊళ్ళవాళ్ళు బాగుందనే అంటారు మేడం. నిన్న పిల్ల ఇంటికి ఎట్లా వచ్చిందో అడగండి. ఎర్రగుంట్ల వైపు ఒక ఊరికి బడి వదిలాకే బస్సు ఉంది. అక్కడ ఎందరు ఆడపిల్లలు చదువు కొనసాగిస్తున్నారో, ఇక్కడ ఎందరో పోల్చి చూడండి" అన్నాను.

"మీ అక్క కోసం మాట్లాడుతున్నావేమో?" అంది.

"అందుకే నేను వెళ్ళను. వేరేవాళ్ళను పంపండి" అన్నాను. ఒప్పుకుంది.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నారు. నేను చెప్పమన్నానని ఏదీ కలపొద్దు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. టైమ్ మారుతుందని నాకు గట్టి నమ్మకం. అందాకా బడి మాన్పించే మాట ఎత్తొద్దని బావకు చెప్పు. పెద్దమ్మకు నా దండాలు. మీ దీవెనలు నాకెప్పుడూ కావాలి.

ఒక్కమాట. పోయినసారి బడి వేళలో వచ్చి నిన్ను అడిగారు, బావను అడిగారు, సర్పంచును అడిగారు. బస్సెక్కే రేణుకను ఎవరూ అడగలేదు. ఈసారి దాన్నే అడుగుతారు. అది చెప్పేటప్పుడు నువ్వు మధ్యలో అందుకోవద్దు.

ప్రేమతో,
నీ చెల్లెలు సుజాత