గుప్పెడు రౌరామ్ ఆకు

అమ్మాయ్ దియెప్,

మీ అమ్మ దగ్గరైనా రెండు ముద్దలు తింటున్నావా? మీ అత్త, అదే మా చెల్లెలు, "కడుపుతో ఉండి ఆ ఆకు తిని, తనే పోగొట్టుకుంది" అని సాదెక్ సంతంతా చాటుతోంది. ఆకు పెట్టింది నేనని చెప్పి నిన్న దాని నోరు మూయించాను.

ఆ రోజు నా గుడ్ల బండి చుట్టూ పదిమంది ఉన్నారు. నీ మొగుడు బియ్యం పడవ మీద వెళ్లి వారమైంది. పిల్లకట్టిన బాతుగుడ్డు పక్కన కోరికలు అణుస్తుందని మనవాళ్లనే రౌరామ్ ఆకు గుప్పెడు పోసి, "తినవే, మొగుడొచ్చేదాకా ఒళ్లు చల్లగా ఉంటుంది!" అని అరిచాను. అందరూ నవ్వారు. కడుపుతో ఉన్నవాళ్లే ఆ ఆకు ముట్టరు, వద్దంటే సంగతి బయటపడుతుంది. మూడు నెలలు నిండకుండా చెప్పకూడదాయె. ఒక్కో ఆకూ నమిలి మింగావు. నేనేమో చప్పట్లు కొట్టాను.

ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మను నేనే అడిగాను. "కషాయాలు కాచి తాగితే వేరే మాట గానీ, గుడ్డుతో తిన్న నాలుగాకులకి ఇలా కాదు పెద్దమ్మా. తొలి నెలల్లో పోయినవాటికి చాలాసార్లు కారణమే తెలియదు" అంది.

మళ్లీ నీళ్లోసుకుంటే నెలలు లెక్కపెట్టకుండా నా చెవిలో వెయ్యి. ఈ నోరు కుట్టేసుకుంటాను.

తప్పు నీది కాదని డాక్టరమ్మ అన్న మాట పూర్తిగా నమ్మాను. నాదీ కాదంది. అదొక్కటే నమ్మబుద్ధి కావడం లేదు.

మీ పెద్దత్త