ఇద్దరిలో ఒకడు చావాలట

1961 ఫిబ్రవరి 6, సోమవారం

నిన్న చర్చిలో నా పెండ్లికి మొదటి ప్రకటన; మూడు ఆదివారాలు చదవాలి. "వీరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న చెప్పవలెను" — చదివింది నాయనే. ఉపదేశి కదా, కూతురి ప్రకటనైనా ఆయనే చదవాలి. ఎవరూ మాట్లాడలేదు. పెండ్లికొడుకు నెల్లూరు ఆస్పత్రిలో కాంపౌండరు. మంచివాడు, తాగడు. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఫిబ్రవరి 8

మా పల్లె సముద్రపొడ్డున సినిమావాళ్ళు దిగారు. వారపత్రికలో వచ్చిన సీరియల్‌నే తీస్తున్నారు — ఒక పిల్ల, ఆమె కోసం ఇంజనీరొకడు, పడవవాడొకడు. చివరికి పడవవాడితో వెళ్ళిపోతుంది. ఎన్నిసార్లు చదివి ఏడ్చానో! హీరోయిన్‌కు తెలుగు రాదట. పలికించడానికి బడి పంతులమ్మ కావాలట — అంటే నేనే. బడికి పెంకులు వేయిస్తామన్నారు, నాయన నన్ను పొమ్మన్నాడు.

ఫిబ్రవరి 10

వాళ్ళు అద్దెకు తీసుకున్న పడవ ప్రకాశానిదే, నా ప్రకాశానిదే. నా ఖర్మ. అతని ఎదురుగానే ఆ అమ్మాయికి నేర్పాలి — "నాకీ పెళ్ళి వద్దు నాన్నా." మళ్ళీ. మళ్ళీ. సిగ్గుతో చచ్చాను.

సాయంత్రం వలల చాటున ప్రకాశం —

"ఆ యమ్మికి బాగా నేర్పినావే. మీ నాయనకి నువ్వెప్పుడు చెప్తావు?"

"చర్చిలో నువ్వే లేచి చెప్పరాదా?"

"నేను లేస్తే తాగొచ్చినాడంటారు. నువ్వే చెప్పాల సుగుణా."

రెండేళ్ళుగా ఇదే మాట. ఒళ్ళు మండి వచ్చేశాను.

ఫిబ్రవరి 12, ఆదివారం

రెండో ప్రకటన. పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 15

కథ మార్చేశారు! పడవవాడు తుఫానులో పోతాడట, పిల్ల ఇంజనీరును చేసుకుంటుందట. డైరెక్టరుగారిని అడిగేశాను — ఎక్కడిదో ధైర్యం. ఆయన నవ్వాడు. "ఇద్దరిలో ఒకడు చావాలమ్మా. లేకపోతే పిల్ల తండ్రి మాట కాదన్నట్టవుతుంది. జనం ఊరుకోరు."

మునిగే సీనుకు హీరో బదులు ప్రకాశాన్ని దించారు. మునుగుతాడు, తేలుతాడు, మళ్ళీ మునగమంటారు. చూడలేక ఇసుకలో కూలబడ్డాను.

నాకోసం ఎవరూ చావరు. నేనే చెప్పాలి.

ఫిబ్రవరి 19, ఆదివారం

మూడో ప్రకటన. ఇదే ఆఖరు. నాయన "అభ్యంతరమున్న" అనగానే లేచాను. నిజంగానే లేచాను. నోరు తెరిచేలోగా పక్కనున్న దీవెనమ్మ అవ్వ, పాటకు లేచాననుకుని తనూ లేచింది. ఆమెను చూసి వెనక వరస. ఆ పైన ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, అందరూ. నాయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. పాట ఎత్తుకున్నాడు.

నేనూ పాడాను. ఛీ.

ప్రకాశం ఒక్కడే లేవలేదు.

ఫిబ్రవరి 20

సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. పెండ్లి గురువారం. పొద్దుటినుంచి నాయన నా ముఖం చూడటం లేదు. అన్నం దగ్గర, తల ఎత్తకుండానే —

"నిన్న పాట ముందే ఎత్తుకున్నా గదమ్మే... పాటకి అప్పటికింకా వేళ గాలేదు."

"అవును నాయనా."

ఇంకేమైనా అడుగుతాడేమోనని గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కలిపిన ముద్ద చాలాసేపు అలాగే చేతిలో పెట్టుకున్నాడు.

మజ్జిగ పొయ్యమన్నాడు.