తలుపు కొట్టిన చెయ్యి

గురజాల,
గురువారం మధ్యాహ్నం.

ప్రసన్నక్కకు,

నీ చెల్లెలు ధరణి నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ, నాన్న, నాయనమ్మ క్షేమం. అమరావతిలో నువ్వూ సుశీల పెద్దమ్మా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఫోన్లు చేసి వేధిస్తున్నారని నాన్న నీ ఫోను తీసి అల్మారాలో పెట్టి, నిన్ను పెద్దమ్మ ఇంటికి పంపినందుకు నువ్వు విసుక్కున్నావు. నాకు మాత్రం లోపల్లోపల సంతోషమే. ఫోనుంటే నువ్వు నాకు ఉత్తరం రాసేదానివా? కవరు మీద నీ చేత్తో నా పేరు చూడటం ఇదే మొదటిసారి. పోస్ట్‌మ్యాన్ దాన్ని నా చేతికిస్తూ, "కబడ్డీ ప్రసన్న రాసిందా?" అన్నాడు. నా పేరున వచ్చిన కవరు మీద కూడా అతనికి ముందు కనపడింది నీ పేరే.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. ఒక్కదానికి మాత్రం చివర్లో జవాబిస్తాను, కోప్పడకు.

నీ బూట్లు కడిగి, మేడ మీద మిరపకాయలు ఆరబోసిన పట్టా పక్కన ఎండలో పెట్టాను. కిట్ బ్యాగు అడుగున ఎర్రటి జుట్టు పిన్ను ఒకటి దొరికింది. అది నీదీ కాదు, నాదీ కాదు. సలోమిది. ముందు కిటికీలోంచి పారేశాను. అరగంట తర్వాత దిగి వెళ్ళి వెతికి, తెచ్చి మళ్ళీ బ్యాగులోనే పెట్టాను.

లెఫ్ట్ కార్నర్‌లో నీ చోట మాచర్ల అమ్మాయి ఆడుతోంది. ఆదివారం మన నాగులేరు జట్టు ఓడిపోయింది. రైడర్ లోపలికి వచ్చినప్పుడల్లా నువ్వూ సలోమీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని చైన్ వేస్తారు చూడు, అది లేదు. సలోమి రెండుసార్లు ఎడమ చెయ్యి చాపి, పక్కనున్నది నువ్వు కాదని గుర్తొచ్చి వెనక్కు తీసుకుంది. నేను మెట్ల మీద కూర్చుని చూశాను. నాకు జాలి కలగాలి. కలగలేదు. చెల్లెలినైన నాకు ఎన్నడూ దొరకని నీ చెయ్యి ఆమెకు ఎన్నిసార్లు దొరికిందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

నాన్న మాట్లాడుతున్నాడా అని అడిగావు. ఎరువుల కొట్టు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఎదురుగా ఉన్న జావీద్ అన్న టీ కొట్టుకు మాత్రం వెళ్ళడం లేదు. టీ గ్లాసే రోడ్డు దాటి వస్తుంది, ఖాళీ అయి తిరిగి వెళుతుంది. కాలేజీ నుంచి వచ్చాక నేనే కౌంటర్లో కూర్చుంటున్నాను. అందుకే టీ కొట్టు దగ్గర చేరే జట్టు అభిమానుల సంఘం మాటలన్నీ నా చెవిన పడుతున్నాయి.

వాళ్ళ వాదన రోజుకో రకంగా ఉంటోంది. నువ్వు మేనేజర్ శ్రీకర్ మీద ఇచ్చిన ఫిర్యాదును ఎవరో ఫోటో తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు గదా. అప్పటి నుంచి అందరూ లాయర్లే. శ్రీకర్ జట్టుకు జెర్సీలు కుట్టించాడని, వ్యాను పెట్టాడని, అతను లేకపోతే మన ఆడపిల్లలు ఇంకా చేలల్లోనే ఆడుతుండేవాళ్ళని కొందరు. జెర్సీ కుట్టించినవాడికి అందులోని పిల్ల మీద హక్కు వస్తుందా అని కొందరు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క మ్యాచ్ వదలని బ్రహ్మయ్య తాత అటూ ఇటూ కాదు.

"తప్పు చేశాడనే అనుకుందాం. ఫైనల్ అయిందాకా ఆగితే ఏంది?" అన్నాడు.

జావీద్ అన్న టీ వడపోస్తూ తలెత్తలేదు. "ఆ పిల్లని పిలిచి గది తలుపేసినోడు ఫైనల్ అయిందాకా ఆగాడా తాతా?"

అప్పుడు చిన్నా ఫోను తీశాడు. పిడుగురాళ్ల నుంచి సున్నం లారీ తోలతాడు చూడు, ఆ చిన్నా. నీ ఫిర్యాదు పైకి చదివాడు. "ఏ దిక్కూ లేని ఆ క్షణాన నా ధైర్యమే నాకు తోడైంది."

బ్రహ్మయ్య తాత తలూపాడు. "రాత మాత్రం చానా బాగుందిరా."

అక్కా, నాకు ఒళ్ళు పులకరించింది. నేను రాసిన వాక్యాన్ని ఒకరు నలుగురిలో పైకి చదవడం, ఒకరు బాగుందనడం నా జీవితంలో అదే మొదలు. ఆ సంతోషం చిన్నా మళ్ళీ నోరు తెరిచేదాకా ఉంది.

"ఆ బాగుండటం గురించే చెబుతున్నా. పక్కన మడిసుంటే, ధైర్యమే తోడని ఎందుకు రాసుద్ది? ఎవురూ చూడలా. చూసినోళ్ళు లేనప్పుడు ఏమైనా రాసుకోవచ్చు. శ్రీకర్ బాబు గూడా విచారణ కమిటీ ముందు అదే అడుగుతాడంట."

నాన్న కొట్టులోంచి లేచాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి రోడ్డు దాటాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు.

"మా పెద్దది ఇచ్చిన కాయితంలో ఒక్క అబద్ధం ఉందని ఎవరన్నా చూపించండి. ఆ రోజే నా కొట్టు మూస్తా."

తిరిగి వచ్చి కూర్చుని, నన్ను మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు అందిస్తుంటే నీళ్ళు కౌంటర్ మీద ఒలికాయి. ఆయన నాకు జ్వరమేమో అనుకుని నుదురు పట్టుకుని చూశాడు.

ఇక నీ చివరి ప్రశ్న. "సలోమి ఎందుకు నోరు విప్పడం లేదు? భయపడిందేమో. ఫర్వాలేదని చెప్పు, నేనేమీ అనుకోను" అని రాశావు.

ఆమె భయపడలేదు. ఆమె పేరు ఫిర్యాదులో లేదు. తీసేసింది నేను.

ఆ రోజు నువ్వు పెన్సిలుతో రాసుకొచ్చిన కాగితం నా చేతిలో పెట్టి, "నీకు మాటలొచ్చు గదే, కాస్త బాగా రాసిపెట్టు" అన్నావు. మ్యాచ్‌ల పట్టిక వెనక తొమ్మిది వరసలు. నాకు కంఠతా వచ్చు. "శుక్రవారం ప్రాక్టీసు అయినాక మేనేజర్ సెలెక్షన్ ఫారం మీద సంతకం పెట్టమని ఆఫీసు గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. చెయ్యి పట్టుకున్నాడు. లాగితే వదల్లేదు. సెలెక్షన్ నా చేతిలో ఉంది అన్నాడు. సలోమి బయటి నుంచి తలుపు కొట్టింది. అక్కా, బస్సొచ్చింది, రా అంది. కొడతానే ఉంది. అప్పుడు వదిలాడు."

నేను చదువుతూ చదువుతూ 'అక్కా' దగ్గర ఆగిపోయాను. ఆ పిలుపు నాది. ఆ శుక్రవారం నువ్వు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే తలనొప్పేమో అనుకున్నాను. జరిగింది సలోమికి అప్పుడే తెలుసు. నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది, అదీ ఫిర్యాదు రాసే మనిషి కావాల్సి వచ్చింది కాబట్టి. గ్రౌండులో చెయ్యి ఆమెకు, గుండెలో మాట ఆమెకు, జామకాయ కొరికితే సగం ఆమెకు. చివరికి నేను రాసే కాగితంలో కూడా నిన్ను కాపాడేది ఆమేనా అనిపించింది.

సలోమి ఉన్న ఆ మూడు వరసలూ ఎత్తేశాను. వాటి చోట నా వాక్యం పెట్టాను. రాసి, నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను. నిన్ను ఒంటరిని చేసి, ఆ ఒంటరితనం ఎంత అందంగా ఉందో చూసుకున్నాను. బస్టాండులో నీ చేతికిస్తే, "నువ్వు రాశాక నేను చదివేదేముందే" అని బ్యాగు మీద పెట్టి సంతకం చేశావు.

నిన్న కాలేజీ ఎగ్గొట్టి పిడుగురాళ్ల వెళ్ళాను. సలోమి వాళ్ళమ్మ ఆదెమ్మ అప్పుడే సున్నపు బట్టీ నుంచి వచ్చి, కనుబొమల మీది తెల్లటి పొడి కడుక్కుంటోంది. సలోమి నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, వెళ్ళమననూ లేదు. వాకిట్లో నిలబడే మొత్తం చెప్పాను. ముందుగా అనుకుని వెళ్ళిన మంచి మాటలు ఒక్కటీ రాలేదు. ఆమె మీద కుళ్ళుతో ఆమె పేరు తీసేశానని మాత్రం చెప్పాను.

సలోమి అప్పుడు అంది. "నేను ఇంకోటి అనుకున్నా. మా బోటోళ్ళ పేరుంటే ఆ కాయితానికి విలువ తగ్గుద్దని అక్కే తీయించిందనుకున్నా. అందుకే అడగలా."

అక్కా, నేను నీకు చేసిన ద్రోహం ఒకటే అనుకుంటూ వెళ్ళాను. ఆమె ఇన్నాళ్ళూ నీ గురించి అలా అనుకుంటూ, అయినా నిన్ను ఒక్క మాట అనకుండా ఉంది.

ఆదెమ్మ తుండుతో మొహం తుడుచుకుంటూ, ఆ రోజు సలోమి చెయ్యి వాచి ఇంటికొచ్చిందని, పసుపు పట్టు వేశానని చెప్పింది. తలుపు అంత గట్టిగా, అంతసేపు కొట్టిందట. చిటికెన వేలి పక్కన ఎముక మీద ఇంకా నల్లగా మచ్చ ఉంది. నేను ఆ చెయ్యి చూస్తూ ఉంటే సలోమి వెనక్కు దాచుకుంది.

"నా మీద ఎందుకే కుళ్ళు నీకు?" అంది. "నీకు అక్క ఇంట్లో ఉంటది. నాకు గ్రౌండులో ఉన్నంతసేపే గదా."

సోమవారం నరసరావుపేటలో కమిటీ ముందుకు వస్తావా అని అడిగాను. జట్టులో చోటు పోతుందేమోనని ఆదెమ్మ అంది. సలోమి బూట్లకు అంటిన సున్నం దులుపుకుంటూ, "చోటు పోతే పోనీ, చైన్ ఎట్టాగూ లేదు గదమ్మా" అంది. వస్తానన్నట్టే.

ఈ ఉదయం నాన్నకు చెప్పాను. ఆయన రాస్తున్న చిట్టా పుస్తకం మూశాడు. తర్వాత, అక్కడ కూడా చెప్పు అని ఎదురు కొట్టు వైపు గడ్డం చూపించాడు. రోడ్డు దాటి వెళ్ళి, నలుగురి ముందూ, ఆ వాక్యం నాది, మా అక్క రాసిన దాంట్లో సలోమి ఉంది అన్నాను. నీ పెన్సిలు కాగితం చూపించాను. చిన్నా ఊరుకుంటాడా? అక్క రాసిందొకటి, చెల్లెలు రాసిందొకటి, రేపు ఇంకోటి వస్తుందేమో అన్నాడు. కమిటీ వాళ్ళు కూడా అలాగే అనవచ్చు. అది నాకు తెలుసు. బ్రహ్మయ్య తాత మాత్రం కాగితం కళ్ళజోడు దగ్గరికి తీసుకుని రెండుసార్లు చదివాడు. "కొడతానే ఉంది" దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఫైనల్ మాట ఎత్తకుండా లేచి వెళ్ళిపోయాడు.

నేను వెనక్కు తిరిగేసరికి మన కొట్టు షట్టరు దిగి ఉంది. అన్న మాట ప్రకారం నాన్న మూసేశాడు. తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "సోమవారం నరసరావుపేట నుంచి వచ్చాక నువ్వే తెరువు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జావీద్ అన్న బావమరిది రేపు పొద్దున అమరావతి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేత పంపుతున్నాను. నీ కాగితం జిరాక్సు లోపల ఉంది, అసలుది నేను తెస్తాను. కమిటీ వాళ్ళు అడిగితే చదవకుండా సంతకం పెట్టానని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ సిగ్గు నీది కాదు, నాది. నిన్నటి నుంచి ఆ తొమ్మిది వరసలు మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. వాటిలో ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఇంట్లో మాటలు వచ్చిన పిల్ల నేనని ఎవరన్నారో గానీ, ఇప్పుడు ఆ వరసలు చూసి కూడా నాకు నీ మీద కుళ్ళుగానే ఉంది.

అబద్ధం ఆడను. సోమవారం బస్సు దిగగానే సలోమి నిన్ను అక్కా అని పిలుస్తుంది, నాకు గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ. ఆ తలుపు బయట నేను ఉండి ఉంటే చెయ్యి వాచేదాకా కొట్టేదాన్నా అని నన్ను నేను అడుగుతున్నాను. నువ్వు లోపలికి వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యే పట్టుకో. రెండో చెయ్యి ఖాళీగా ఉంటే, నీకు ఇష్టమైతేనే, నేను పక్కన ఉంటాను.

ఇట్లు,
నీ చెల్లెళ్ళలో ఒకతె,
ధరణి.