వెనక సీటు

రేపల్లె,
జూన్ 8

నా హాస్టల్ దుర్గకు,

ఫోన్ చేస్తే ‘ఊఁ, ఆఁ’ అని పెట్టేస్తావు. అందుకే కాలేజీ సెలవుల్లో రాసుకున్నట్టు ఉత్తరం రాస్తున్నాను. నాన్న కారు కొనిచ్చారు. ఎర్రది, నేలకి ఆనుకుని పోయే స్పోర్ట్స్ మోడల్. చూడ్డానికి బ్రహ్మాండం, కూర్చుంటే నడుం విరుగుతోంది. చక్రాల దగ్గర కంపెనీ స్ప్రింగులు తీసేసి బయట దొరికేవి వేయిద్దామని ఉంది. సుందరయ్య గారి కార్ల షెడ్డులో ఆ పని చూసేది నువ్వేగా. ఏవి వేయించను? నాకు స్పీడు అక్కర్లేదు, కుదుపు తగ్గితే చాలు. నువ్వేది చెబితే అదే.

నీ అలేఖ్య

తెనాలి,
జూన్ 13

ప్రియమైన అలేఖ్యా,

కారు కొన్నందుకు సంతోషం. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. బాపట్లలో ఒకే బెంచీ మీద చదివాం. మార్కులు నాకే ఎక్కువ. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. ఇవాళ్టికీ బస్సులో నిలబడి షెడ్డుకు వస్తాను, వచ్చి వేరేవాళ్ల కార్ల కింద పడుకుంటాను.

సుందరయ్య గారికి ఇంగ్లీషు రాదు కాబట్టి కేటలాగులు చూసి స్ప్రింగులు ఎంచేది నేనే. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: “వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండి?” నిన్ను అడగక్కర్లేదు. నీ వెనక సీటు బ్యాగులు పడేయడానికేగా.

పొట్టి స్ప్రింగులు వేయించు. కారు ఇంకో అంగుళం దిగుతుంది, ఊరంతా తిరిగి చూస్తుంది. మెత్తటివి వేస్తే అలాంటి కారు పరువు పోతుంది. వాటి నంబరు వేరే చీటీలో రాసి జతచేశాను.

నాగదుర్గ

రేపల్లె,
జూన్ 27

దుర్గా,

నువ్వు రాసిన నంబరువే తెప్పించాను. బిగించేటప్పుడు మెకానిక్ “ఇవి మరీ గట్టివమ్మా, అడిగింది ఇవేనా?” అన్నాడు. మా దుర్గ చెప్పింది, తిరుగులేదన్నాను. కానీ చెరుకుపల్లి దాటి బాపట్ల చేరేసరికి వెనక కూర్చున్నావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కొత్తవి సర్దుకోవడానికి కొన్నాళ్లు పడుతుందా?

అలేఖ్య

తెనాలి,
జూలై 2

అలేఖ్యా,

అలవాటవుతుంది. మీ చుట్టాలకు మరీ అంత సుకుమారమైతే బస్సెక్కమను. మేమంతా ఎక్కడం లేదా? మా అమ్మ పాతికేళ్లు నాట్లేసిన నడుముతో ట్రాక్టరు ట్రక్కులో కూర్చుని పనికి పోయేది. ఏనాడూ అబ్బా అనలేదు.

నాగదుర్గ

రేపల్లె,
జూలై 6

దుర్గా,

ఆవిడ మీ అమ్మే.

ఏప్రిల్ నుంచి పున్నమ్మ పిన్నికి నడుం పట్టేసింది. ప్రతి మంగళవారం మీ ఊరు నగరం నుంచి బాపట్ల వెళ్లి వైద్యం చేయించుకోవాలి. బస్సులో కూర్చోలేకపోతోందని, కారు రాగానే నేను తీసుకెళ్లడం మొదలుపెట్టాను. “దుర్గకు చెప్పమాకమ్మా, తెలిస్తే ఉద్యోగం మానుకుని వచ్చి కూర్చుంటది” అని ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఒట్టు తప్పుతున్నాను, ఎందుకంటే మొన్న తను కారెక్కనంది. బస్సే నయం తల్లీ అంది. డాక్టరేమో ఒక్క వారం కూడా మానొద్దన్నారు. నువ్వు సరిగ్గానే రాసుంటావు, నేనే ఏదో తప్పు వేయించాను. ఏం చేయాలో చెప్పవే.

అలేఖ్య

తెనాలి,
జూలై 9

ప్రియమైన అలేఖ్యా,

నువ్వు తప్పు వేయించలేదు. నేనే తప్పు రాశాను, తెలిసే రాశాను. నీకు కారుందంటే ఓర్వలేకపోయాను. ప్రతి గుంతకీ నీ నడుం కలుక్కుమనాలనుకున్నాను. ఆ గుంతలన్నీ మా అమ్మకు తగిలాయి.

సుందరయ్య గారికి అంతా చెప్పాను. ఆయన చేతిలో పానా కింద పెట్టారు. “వెనక ఎవరు కూర్చుంటారని అడగలేదా అమ్మాయ్?” అన్నారు.

“అడగలేదండి” అన్నాను.

మెత్తటి స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జర్లు తెప్పించాను. ఆదివారం తెచ్చి నేనే బిగిస్తాను. మంగళవారం సెలవు పెట్టాను. అమ్మ పక్కన వెనక సీట్లో కూర్చుంటాను. తను ఒక్కసారి మూలిగినా మళ్లీ అన్నీ విప్పుతాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, బండి తాళం మాత్రం ఇవ్వు.

ఇంత జరిగాక కూడా నాకు అసూయ పోలేదు, ఇది దాచలేను. కారు నీ దగ్గరే ఉండనీ. నొప్పి వస్తే మా అమ్మ నీతో చెప్పుకుంది, నాతో చెప్పుకోలేదు. అది మాత్రం ఓర్చుకోలేకపోతున్నానే.

తల ఎత్తలేని నీ
దుర్గ