గొడుగు మాత్రం తీసుకో

డండీ,
సెప్టెంబరు 2

ప్రియమైన ఇష్‌బెల్ వదినకు,

ఫోనులో చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

నవంబరు ఇరవై ఏడుకు నాకు డెబ్బై నిండుతాయి. బడి ఉద్యోగం మానిన దగ్గర్నుంచి తొమ్మిదేళ్లు, ప్రతి పుట్టినరోజుకూ మీ చెల్లెలు ఐల్సా నన్ను సముద్రం దాటించి యూరప్‌లో ఏదో ఒక ఊరికి తీసుకెళ్లింది. ఏ ఊరో విమానం గేటు దగ్గరికి వెళ్లేదాకా చెప్పేది కాదు. పెట్టె సర్దుకునేటప్పుడు ఒక్క మాట అనేది. "మందం కోటు వేసుకో" అనో, "గొడుగు మాత్రం తీసుకో" అనో. అంతే. నేను పెట్టె మోసేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఈ నవంబరు కూడా వెళ్లాలి. మానకూడదు. మాటివ్వు" అంది. ఇచ్చాను. "ఎక్కడికి?" అన్నాను. నవ్వింది. అంతలో నర్సు వచ్చింది. మర్నాడు అడగలేదు. ఆ తర్వాత అడిగే వీలు లేకపోయింది.

ఎక్కడో రాసిపెట్టే ఉంటుంది. సొరుగులన్నీ చూశాను. కుట్టుమిషను డబ్బా కూడా. మీతో ఏమైనా చెప్పిందా?

ఇల్లు బాగానే ఉంది.

మీ మరిది
ముర్డో

—

ఓబన్,
సెప్టెంబరు 7

ప్రియమైన ముర్డో,

ముప్పై ఏళ్లు పిల్లల చేత ఐరోపా పటం గీయించినవాడివి, ఒక్క ఊరు ఎంచుకోలేక కుట్టుమిషను డబ్బాలో వెతుకుతున్నావా? నీ సంగతి తెలిసే మా చెల్లెలు పెట్టె నీకిచ్చి టికెట్లు తన దగ్గర పెట్టుకుంది.

ఎక్కడైనా వెచ్చగా ఉండే చోటికి పో. కాదులే, ఎండ తగిలితే నీ మొహం ఉడికించిన పీతలా అవుతుంది. చల్లటి చోటికి పో. అయినా చలికి ఇక్కడేం కరువు? చూడు, నన్ను కూడా అయోమయంలో పడేశావు.

ఇక్కడ ఎనిమిది రోజులుగా ఒకటే వాన. దీవులకు పడవలు లేవు. నా మోకాలు వాన కన్నా ఒక రోజు ముందే చెబుతుంది. మొన్న టీవీలో ఏదో ఊరు చూపించారు, పేరు వినేలోపు కెటిల్ కూసింది. నది ఒడ్డు, పెద్ద ఇనుప వంతెన, నిట్టనిలువు వీధులు, బళ్ల మీద చెస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నారు. వీధంతా తెల్లటి పొగ. ఆ పొగ వాసన ఎలా ఉంటుందో అనుకున్నాను. పిల్లి మళ్లీ చేప ఎత్తుకుపోయింది.

వేళకు తిను. రొట్టె, జున్ను భోజనం కాదు.

నీ వదిన
ఇష్‌బెల్

—

డండీ,
సెప్టెంబరు 19

ప్రియమైన వదినకు,

నా ప్రశ్నకు మీరు జవాబు రాయలేదు.

ప్రయాణాల దుకాణానికి వెళ్లాను. కౌంటరు వెనుక ముప్పై దాటిన అమ్మాయి.

"ఎక్కడికి సార్?"

"అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తానమ్మా?"

"ఎండ కావాలా, మంచు కావాలా? పాత కోటలా, మంచి తిండా?"

"ఏది కావాలో ఎలా తెలుస్తుంది?"

ఆమె కంప్యూటరు వదిలి నన్ను చూసింది. "గెడ్డెస్ సార్! మీరేనా? నేను కర్స్టీని. నార్వే తీరంలో వంకరలన్నీ నాతో ఆరుసార్లు గీయించారు. ఇప్పటికీ కలలోకొస్తాయి."

వియన్నా అన్నాను. ఇంటికి వచ్చాక, అక్కడ అన్నిచోట్లా కుర్చీలు రెండేసి ఉంటాయనిపించింది. మర్నాడు వెళ్లి పలెర్మో అన్నాను. గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి ల్యుబ్ల్యానా అన్నాను.

"ఇది సిటీ బస్సు కాదు సార్, స్టాపు స్టాపుకీ దిగడానికి" అంది కర్స్టీ. నెలాఖరు దాకా గడువిచ్చింది.

నేను ఎంచుకున్న ఏ ఊరూ ఐల్సా ఎంచుకున్నట్టు లేదు. తను అనుకున్న ఊరేదో తెలిస్తే చాలు, కళ్లు మూసుకుని వెళ్లిపోతాను. మళ్లీ అడుగుతున్నాను. మీతో చెప్పిందా?

ముర్డో

—

ఓబన్,
సెప్టెంబరు 23

ప్రియమైన ముర్డో,

కోప్పడకు. ఐల్సా నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆసుపత్రిలో నా సంచిలో పెట్టి, "అడిగితే ఇవ్వు" అంది. నువ్వు అడిగావు, నేను ఇవ్వలేదు. చివరి పేజీ చదివాక చెయ్యి రాలేదు. రెండోసారి అడిగాక ఇక దాచడం తప్పు. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను.

ఊళ్లన్నీ అది ఎంచుకుందనే కదా ఇన్నాళ్లూ అనుకున్నావు. చదువు.

ఎనిమిదేళ్ల కిందట నాతో కూడా పాస్‌పోర్టు తీయించింది, ఒక్కసారి మాతో రావే అని. అప్పుడు అమ్మ మంచంలో ఉంది. తర్వాత నా మోకాలు. ఒక్క ముద్ర పడలేదు. కొత్త పెళ్లికూతురిలా బీరువాలో కూర్చుని ఉంది. ఇదంతా నీకెందుకు చెబుతున్నానో.

చదివాక ఒంటరిగా కూర్చోకు. పక్కింటివాళ్లతో ఒక కప్పు టీ తాగు.

ఇష్‌బెల్

—

డండీ,
సెప్టెంబరు 28

ప్రియమైన వదినకు,

చదివాను.

"మార్చి 3. నారింజ ఒలుస్తూ, ఇది చెట్టుకు వేలాడుతుంటే ఎప్పుడూ చూడలేదన్నాడు. సెవీల్."

"ఫిబ్రవరి 9. బస్సు చెడిపోయింది. వానలో నడుస్తూ, మన ఊరి ట్రాములు ఎందుకు పీకేశారో అన్నాడు. గెంట్."

తొమ్మిది పేజీలు. తొమ్మిదీ నేనన్న మాటలే, వాటిని బట్టి ఎంచిన ఊళ్లే. ఏ ఒక్కటీ నాకు గుర్తు లేదు.

ఈ ఏటి పేజీ మీరు చూశారు. "జనవరి నుంచి ఒకటే మాట. మందు వేసుకున్నావా, చలేస్తోందా. తన కోసం ఏదీ అనలేదు. ఊరు లేదు."

కింద ఖాళీ. అంటే ఆ రోజు తను చెప్పడం మరిచిపోలేదు. చెప్పడానికి ఏమీ లేదు.

నేనూ ఒక కాగితం తీసుకుని ఐల్సా అన్న మాటలు రాయబోయాను. తనకు ఏది చూడాలని ఉందో, ఎప్పుడైనా అందో. పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. నలభై ఒక్క ఏళ్ల కాపురం.

ఈ ఏడు వెళ్లను. మాట తప్పుతున్నాను. కర్స్టీకి చెప్పేశాను.

ముర్డో

—

ఓబన్,
అక్టోబరు 5

ముర్డో,

చావు మంచం మీద ఉన్నదానికి మాటిచ్చి తప్పేవాడు నా గుమ్మం తొక్కనక్కర్లేదు.

కింద ఖాళీ ఎందుకు వదిలిందో నాకు తెలీదు. అది ఖాళీలు వదిలే మనిషి కాదు, జాబితాలో ఉప్పు కూడా రాసేది. ఊరు లేకపోయినా వెళ్లమంది. అదెందుకో నీకైనా తెలియాలి, చదువుకున్నవాడివి.

ఫోన్ తీయి.

ఇష్‌బెల్

—

డండీ,
నవంబరు 12

ప్రియమైన ఇష్‌బెల్ వదినకు,

మీ తిట్లు అందాక నెల రోజులు ఏమీ చేయలేదు. ఫోన్ తీయనందుకు మన్నించండి.

పోయిన ఆదివారం మీ ఉత్తరాలు మళ్లీ చదివాను. ఈసారి పెన్సిలు పట్టుకుని, పిల్లల జవాబు పత్రాలు చదివినట్టు. మొదటి దానిలో మోకాలికీ పిల్లికీ మధ్య నాలుగు వాక్యాలున్నాయి. అప్పుడు నేను వాటి మీదుగా దాటిపోయాను. నా ప్రశ్నకు జవాబు కోసం చూస్తున్నాను గనక. ఐల్సా మాటల మీదుగా కూడా ఇలాగే దాటిపోయి ఉంటాను. దానికి ఇక చేసేదేమీ లేదు.

మీరు టీవీలో చూసిన ఆ ఊరేదో కనుక్కోవడం భూగోళం మాస్టారికి కష్టం కాలేదు.

సోమవారం కర్స్టీ దగ్గరికి వెళ్లాను. ఊరి పేరు చెప్పాను.

"నిజంగానేనా సార్? గుమ్మం దాకా వెళ్లి రండి, అప్పుడు నొక్కుతాను."

"నొక్కమ్మా."

"ఒక టికెట్టేగా?"

"రెండు. గదులు కూడా రెండు. ఒకటి కింది అంతస్తులో. మోకాలు నొప్పి."

ఇరవై ఆరు పొద్దున తొమ్మిదికి ఎడిన్‌బరో విమానాశ్రయంలో పెద్ద గడియారం కింద ఉంటాను. ముందురోజు రాత్రి మీరు దగ్గర్లోనే ఉండేందుకు గది తీశాను. రైలు టికెట్టు ఇందులోనే ఉంది. పిల్లిని పక్కింట్లో ఇవ్వండి. పాస్‌పోర్టు బీరువాలోంచి తీయండి. గడువు ఇంకా రెండేళ్లుంది, లెక్క చూశాను.

నోటుబుక్కులో ఐల్సా వదిలిన ఖాళీలో ఆ ఊరి పేరు రాశాను. తన అక్షరాల కింద నా అక్షరాలు వంకరగా ఉన్నాయి. గేటు దగ్గర చూద్దురు గాని. ఈలోపు ఎక్కడికి అని అడగకండి, చెప్పను.

మందం కోటు అక్కర్లేదు. గొడుగు మాత్రం తీసుకోండి.

మీ మరిది
ముర్డో