గోడ ముందా, నువ్వు ముందా

సిద్దిపేట, 1949 ఆషాఢం

మనుమడు భిక్షపతికి, ఇక్కడ మేమంత మంచిగున్నం. చూసినవా, నేను గిది ముందే రాసిన.

కాలేజిల వార్తలు రాసుడు నేర్పుతున్నరట, పెద్ద సంగతి ముందుగాల రాయాలెనట. మంచిదే. కానీ పోస్టు గఫూరు నీ కార్డు నా చేతికియ్యకముందే మన వాకిట్ల నిలవడి చదివిండు. మొదలే "వానకు మా హాస్టలు గోడ కూలింది" అన్నడు. క్షేమం రాయని కార్డంటే మన దిక్కు చావు కబురే గదా! మీ బాపమ్మ "ఓ నా కొడకా" అని శోకం వెట్టింది. వాడకట్టంత ఉరికొచ్చిన్రు. "ఎవ్వలకు దెబ్బ తాకలే, నేను చాయ తాగవోయిన" అని నువ్వు అడుగున రాసింది చదివేసరికి సగం మంది ఏడ్సుడు అయిపోయింది.

పొద్దూకినంక వాకిట్ల మంచమేసుకొని పండుకున్న. మబ్బులు పేపరు కాయిదాల లెక్క మెల్లగ పోతున్నయి. ఒక్కోదాని మీద నీ పేరు చదువుకుంట నిద్రవోయిన.

గోడ మళ్ల కట్టిన్రా? ఎక్కడ పంటున్నవు? నీ పేరు అచ్చయితే ఆ ముక్క కత్తిరించి పంపు. మీ బాపమ్మకు చదువు రాదు, అయినా నీ కార్డు తలకాడి మెత్త కింద వెట్టుకొని పంటున్నది. నీ కలంల సిరా ఎండకుండ ఉండాలె బిడ్డా. పేపరోళ్లకు గోడ ముందు రాయి. మాకు మాత్రం ముందుగాల నువ్వు.

నీ తాత దుబ్బయ్య