గుక్కెడు నీళ్లు లెక్కలోకి రావు

మార్చి 3, ఆదివారం

చర్చిలో రెండు గంటలు నిలబడి ప్రసంగించాను. బల్ల గుద్దాను. ఏడాది కిందట ప్రార్థనతో నా మోకాళ్లు బాగుపడ్డాయని మళ్లీ సాక్ష్యం చెప్పాను. బాగుపడ్డ మాట నిజమే. నెల తిరక్కుండానే నొప్పి తిరిగొచ్చింది. ఆ ముక్క వేదిక ఎక్కలేదు. ఇంటికొచ్చి నొప్పి టాబ్లెట్ వేసుకున్నాను.

మార్చి 8

సంఘమంతటికీ ఐదు రోజుల ఉపవాసం మొదలు. పొద్దు కుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నియమం నాదే.

అన్నయ్య పోయాక వదిన ఇస్త్రీ షాపు నడుపుతోంది. రోజంతా నిలబడే పని. నీ రహస్యమేమిటి మరిదీ, దేవుడు నీ ఒక్కడికే చుట్టమా అని మోకాళ్లు చూపించింది. నా మాత్రల స్ట్రిప్ ఒకటి చేతిలో పెట్టాను. కొత్తరకం, కడుపులో మండదు, పరగడుపున కూడా వేసుకోవచ్చు అన్నాను. మింగడానికి గుక్కెడు నీళ్లు ఉపవాసం లెక్కలోకి రావన్నాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.

మార్చి 13

వదిన షాపు తెరవలేదు. ముఖం ఉబ్బింది. నిన్నటి నుంచి మూత్రం సరిగా రావడం లేదట.

మార్చి 14, ఉదయం 11

ఆసుపత్రి. రక్తంలో క్రియాటినిన్ 4.2. ఒకటి దగ్గర ఉండాలట. ఏమేం మందులు వాడుతున్నావని కిడ్నీ డాక్టరమ్మ అడిగింది. బీపీకి నీళ్లమాత్ర ఒక్కటే అంది వదిన. నొప్పి మాత్రలు? లేవంది. నా వైపు చూడలేదు.

నేను నోరు విప్పలేదు.

మార్చి 14, మధ్యాహ్నం 3

బెంచీ మీద కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాను. దేవుడు అంతరింద్రియాలను పరీక్షించడం గురించి. పాత నిఘంటువు తిరగేశాను. మూలభాషలో ఆ మాటకు అసలు అర్థం మూత్రపిండాలట. ఇరవై ఏళ్లుగా మనస్సాక్షి అని అరుస్తున్నాను.

లేచి వెళ్లి జేబులోని స్ట్రిప్ డాక్టరమ్మ ముందు పెట్టాను.

నొప్పి పుట్టించే ఎంజైమును ఈ మాత్ర అడ్డుకుంటుందట. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం దారి తెరిచి ఉంచేదీ ఆ ఎంజైమేనట. దాహం, ఒంట్లో నీళ్లు లాగేసే నీళ్లమాత్ర, ఇది, మూడూ కలిసి కుళాయి కట్టేశాయి అంది. ఇంత గొంతుంది, పొద్దున ఏమైంది మీకు అంది. మీరూ పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్లండి అంది.

నాది 1.9.

మార్చి 19

వదినకు 2.6. డయాలసిస్ తప్పింది. కాస్త తేరుకుందో లేదో తిట్లు. నా నోరు కట్టేసి నీది విప్పుకున్నావా అంది. చెబితే అందరికీ చెప్పు, డాక్టరమ్మ ఒక్కతికే సాక్ష్యమేమిటి అంది.

మార్చి 24, ఆదివారం

కూర్చునే చెప్పాను. పది నిమిషాలు. ఎవరూ ఆమెన్ అనలేదు.

తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చారు. బల్ల మీద పదిహేడు స్ట్రిప్పులు. నడుము బాగైందని సాక్ష్యం చెప్పిన డ్రైవరువి మూడు.